ద్వారపాలకుని చేతిలోని జాబితా: గృహ కంప్యూటరునందు ఫోల్డరుల అనుమతులను సరిచేయు విధము

పూర్వము మన గృహస్థులు విలువగల పత్రములను భోషాణములో నుంచి తాళము వేయుచుండిరి. భూమి దస్తావేజులు, ఋణపత్రములు, పెద్దల చిత్రపటములు, పిల్లల పరీక్షా పత్రములు అన్నియు నందే యుండెడివి. నేడు అనేక గృహములలో ఆ భోషాణపు స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. కుటుంబమువారి ఛాయాచిత్రములు, విద్యార్థులు వ్రాసికొన్న పాఠములు, ఇంటి జమాఖర్చులు, దూరదేశమందున్న బంధువులు పంపిన లేఖలు దానియందు ఫోల్డరులను పేరుగల అఱలలో నిలువయుండును. ఒకనాడు అట్టి అఱను తెఱవబోగా యంత్రము, "ఈ ఫోల్డరును తెఱచుటకు మీకు అనుమతి లేదు" అని తెరపై చూపునెడల గృహస్థునకు కలుగు కలవరము చెప్పనలవి కాదు. ఇల్లు తనది, యంత్రము తనది, చిత్రములు తనవి. అయినను తనకే ప్రవేశము లేదు!

ఇట్టి సమయమున జనులు సామాన్యముగా రెండు విధముల పొరబడుచున్నారు. కొందఱు సర్వము నశించినదని తలంచి డిస్కును తుడిచివేయుదురు. మఱికొందఱు విసిగి అన్ని తలుపులను అందఱికిని తెఱచివేయుదురు. మొదటిది వైద్యుడు రాకమునుపే రోగిపై ఆశ వదలుకొనుట వంటిది. రెండవది ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటిది. ఈ రెండింటికిని నడుమ సులభమైన మార్గమొకటి కలదు. దానిని కనుగొనవలెనన్న, ఆ నిరాకరణ ఎవరి నోటనుండి, ఏ కారణమున వచ్చుచున్నదో ముందుగా తెలిసికొనవలయును.

ఈ కట్టుబాటు పుట్టిన విధము

మొదటి కంప్యూటరులు మిక్కిలి వెలగల యంత్రములు. మనుష్యునకు ఒక యంత్రము చొప్పున ఉండుట ఆ దినములలో ఊహింపరాని సంగతి. కావున ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను ఏర్పాటును అమెరికా దేశమందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కార్బటో అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1961లో ప్రదర్శించిరి. ఒకే యింటిలో పలు కుటుంబములు కాపురముండినచో గదిగదికిని తలుపు వలయును గదా! ఆ అవసరమునుబట్టియే ఒకరి వ్రాతలను మఱొకరు చూడకుండునట్లును, చెఱుపకుండునట్లును నియమము లేర్పడెను. తరువాత మల్టిక్స్ అను వ్యవస్థయందు, ఏ ఫైలును ఎవరు చదువవచ్చునో, ఎవరు మార్పవచ్చునో తెలుపు జాబితాను ఆ ఫైలునకే జోడించు పద్ధతి అమలులోనికి వచ్చెను. 1969లో బెల్ ప్రయోగశాలలందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు ఆరంభించిన యూనిక్స్ అను వ్యవస్థ దీనిని క్లుప్తపఱచి యజమాని, జట్టు, ఇతరులు అను మూడు తరగతులుగా విభజించెను.

గృహములలోని యంత్రములకు ఈ కట్టుబాటు ఆలస్యముగా వచ్చెను. విండోస్ 95, విండోస్ 98 అను వానితో నడచిన యంత్రములలో ఫైలునకు యజమాని యను మాటయే లేదు. యంత్రము ముందు కూర్చుండినవాడే యజమాని. 1993లో వెలువడిన విండోస్ ఎన్‌టీయు, దానితో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ అను నిలువపద్ధతియు ప్రతి ఫైలునకును ఒక యజమానిని, ఒక జాబితాను ఏర్పఱచెను. అది ముఖ్యముగా కార్యాలయముల కొఱకు చేయబడిన యేర్పాటు. 2001లో విండోస్ ఎక్స్‌పీ ద్వారా అదియే మన యిండ్లలోనికి ప్రవేశించినది. కావున నేటి గృహ కంప్యూటరు ఒక పెద్ద కచేరీయొక్క నియమములతో నడచు చిన్న కాపురమని చెప్పవచ్చును. నలుగురున్న యింటిలో నూరుగురున్న కచేరీ కట్టుబాట్లు అమలగుచున్నందువలననే అప్పుడప్పుడు ఈ చిక్కు తలయెత్తుచున్నది.

ద్వారపాలకుడు చూచున దేమి?

విద్యార్థులారా, కంప్యూటరును నడపు వ్యవస్థను ఒక ద్వారపాలకునిగా భావింపుడు. ప్రతి ఫోల్డరు వాకిటను అతడు నిలిచి యుండును. అతని చేతిలో ఆ ఫోల్డరునకు సంబంధించిన రెండు సంగతులుండును. మొదటిది యజమాని పేరు. రెండవది ప్రవేశార్హుల జాబితా. ఆ జాబితాయందు ఒక్కొక్కరి యెదుట వారేమి చేయవచ్చునో వ్రాయబడి యుండును: చదువుట, వ్రాయుట, మార్చుట, సంపూర్ణాధికారము మొదలగునవి. జాబితాలో పేరు లేనివానికి ప్రవేశము లేదు. ద్వారపాలకునకు దయయు లేదు, ద్వేషమును లేదు. వ్రాసియున్నది చదివి చెప్పుటయే అతని పని.

ఈ సందర్భమున నాలుగు సంగతులను జ్ఞాపకముంచుకొనవలయును.

ఒకటి: ద్వారపాలకుడు మనుష్యులను పేరుతో గుర్తింపడు. ఖాతా తెఱచిననాడే యంత్రము ప్రతి మనుష్యునకు ఒక దీర్ఘమైన సంఖ్య నిచ్చును. విండోస్‌లో అది ఎస్-1-5-21 అని మొదలై, ఆ యంత్రమునకే చెందిన మూడు పెద్ద అంకెల వరుసలతో సాగి, చివర 1001 వంటి యొక సంఖ్యతో ముగియును. మనకు కనబడు పేరు ఆ సంఖ్యపై అంటించిన చీటి మాత్రమే. పాత యంత్రమునందును క్రొత్త యంత్రమునందును మీరు ఒకే పేరు పెట్టుకొన్నను, సంఖ్యలు వేఱు గనుక ద్వారపాలకుని దృష్టిలో మీరిద్దఱు మనుష్యులు.

రెండు: అనుమతులు పై ఫోల్డరునుండి లోపలి ఫోల్డరునకు వారసత్వముగా సంక్రమించును. తాత ఆస్తి తండ్రికి, తండ్రి ఆస్తి కొడుకునకు వచ్చినట్లు, పైన వ్రాసిన నియమము అడుగువఱకు దిగును. నడుమ ఎవరైన నా వారసత్వమును త్రెంచినచో అక్కడినుండి క్రిందకు వేఱు జాబితా నడచును.

మూడు: "అనుమతించుము" అను వాక్యమును, "నిషేధించుము" అను వాక్యమును ఒకే స్థాయిలో ఉన్నప్పుడు నిషేధమే గెలుచును. ఒక తండ్రి తన లెక్కల ఫోల్డరును పిల్లలు ముట్టకుండుటకై "అందఱికిని నిషేధము" అని వ్రాసెననుకొనుడు. ఆ "అందఱు" అను మాటలో తానును చేరియున్నాడు గనుక తన లెక్కలకు తానే దూరమగును. పిల్లల పేరు జాబితాలో లేకుండ చేసిన చాలియుండెడిది. ప్రత్యేకముగా నిషేధము వ్రాయ నక్కఱలేదు.

నాలుగు: జాబితా యెట్లున్నను దానిని మార్చు హక్కు యజమానికి ఎల్లప్పుడును ఉండును. పైన చెప్పిన తండ్రి ఈ హక్కువలననే తన లెక్కలను మరల పొందగలడు. యంత్రపు అధికారి ఖాతాకు ఇంకొక హక్కు కలదు: యజమానిత్వమును తానే స్వీకరింపగల హక్కు. మన చికిత్స అంతయు ఈ రెండు హక్కులపై నాధారపడి యున్నది.

చిక్కు కలుగు కారణములు

గృహములలో ఈ నిరాకరణ హెచ్చుగా మూడు సందర్భములలో కనబడును.

పాత యంత్రము చెడిపోగా దాని డిస్కును తీసి క్రొత్త యంత్రమునకు తగిలించుట మొదటి సందర్భము. విండోస్ 10నకు తయారీదారుల సాధారణ పోషణ 2025 అక్టోబరు 14న ముగిసినందున యంత్రములు మార్చిన కుటుంబములు అనేకము. వారికి ఈ సందర్భము మిక్కిలి పరిచితము. పాత డిస్కులోని ఫోల్డరుల జాబితాలలో పాత సంఖ్యయే యున్నది. క్రొత్త యంత్రపు ద్వారపాలకునకు ఆ సంఖ్యగల మనుష్యుడెవడో తెలియదు. అందువలననే పేరుండవలసిన చోట "అకౌంట్ అన్‌నోన్" అనియు, ప్రక్కన ఆ దీర్ఘసంఖ్యయు కనబడును. అట్టిది కనబడినచో కారణము దొరికినట్లే. అదే యంత్రమున విండోస్‌ను తుడిచి మరల క్రొత్తగా నెక్కించినను ఇదియే జరుగును.

రెండవది, ఫైళ్లను ఒక చోటనుండి మఱొక చోటికి జరుపుట. డిస్కుయొక్క ఒకే విభాగములో స్థలము మార్చిన ఫైలు సాధారణముగా తన పాత జాబితాను వెంట గొనిపోవును. నకలు తీసిన ఫైలు మాత్రము తాను చేరిన క్రొత్త ఫోల్డరుయొక్క జాబితాను స్వీకరించును. తల్లి తన సొంత ఫోల్డరులోని చిత్రములను అందఱి ఫోల్డరులోనికి జరిపినప్పుడు అవి పిల్లలకు తెఱచుకొనకపోవుటకు ఇదియే హేతువు. జరుపుటకు మాఱుగా నకలు తీసియుండినచో ఆ యిబ్బంది కలుగదు.

మూడవది, అధికారి ఖాతాలోనున్నను నిరాకరణ కలుగుట. దీనికి చాలమంది ఆశ్చర్యపడుదురు. 2007లో గృహములకు వచ్చిన విండోస్ విస్టానుండి అధికారి ఖాతావాడును నిత్యకృత్యములలో సామాన్యునివలెనే వ్యవహరించును. తహసీలుదారు ఇంటివద్ద నున్నప్పుడు సాధారణ గృహస్థుడు. కచేరీలో ముద్ర చేతబట్టినప్పుడే అధికారి. యంత్రము "కొనసాగింతువా?" యని యడుగు చిన్న పెట్టెయే ఆ ముద్ర. దానికి సమ్మతి తెలిపిన పిమ్మటనే అధికారము చేతికి వచ్చును.

అనుమతికి సంబంధింపని నిరాకరణలు

రోగ మొకటి, మందొకటి కారాదు. కొన్ని నిరాకరణలు అనుమతుల లోపమువలె కనబడినను వేఱు కారణములవలన కలుగును. ఒక ఫైలు వేఱొక ప్రోగ్రాములో తెఱచియున్నచో దానిని తొలగించుటకు వీలుకాదు. ఆ ప్రోగ్రామును మూసిన చాలును. ఫోల్డరుయొక్క ప్రాపర్టీస్ పుటలో "రీడ్ ఓన్లీ" అనుచోట కనబడు నల్లని చతురస్రమును చూచి కొందఱు బెదరి మాటిమాటికి దానిని తీయబోవుదురు. అది లోపలి ఫైళ్లకు సంబంధించిన గుర్తేగాని ఫోల్డరు ప్రవేశమును అడ్డుకొనునది కాదు. మఱియు విండోస్ సెక్యూరిటీలో "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అను రక్షణ యొకటి కలదు. అది నడచుచున్నప్పుడు మనుష్యునకు అనుమతి యున్నను, పరిచయములేని ప్రోగ్రామును డాక్యుమెంట్స్ వంటి ఫోల్డరులలో వ్రాయనీయదు. అట్టిచోట ఆ ప్రోగ్రాము నమ్మదగినదైనచో దానిపేరును అచ్చటి సమ్మతి జాబితాలో చేర్చవలయునే గాని ఫోల్డరును ముట్టరాదు.

"డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్" అను పేరుతో సి డిస్కులో నుండు మఱొక దానిని గూర్చి యనేకులు వృథాగా శ్రమపడుచున్నారు. అది నిజమైన ఫోల్డరు కాదు. పాత ప్రోగ్రాములకు "యూజర్స్" అను క్రొత్త స్థలమునకు దారిచూపు చేతిగుర్తు మాత్రమే. దానిని తెఱవబోయినచో నిరాకరణ వచ్చుట దాని స్వభావము. దానికి మరమ్మతు అవసరము లేదు.

సరిచేయు క్రమము

నిదానమే ప్రధానమను పెద్దల మాట ఈ పనియందు అక్షరాల నిజము. ఈ క్రమమున నడువుడు.

మొదట, చూడుడు, ముట్టకుడు. నిరాకరింపబడిన ఫోల్డరుపై మౌసుయొక్క కుడి మీటను నొక్కి "ప్రాపర్టీస్" తెఱచి, "సెక్యూరిటీ" అను పుటకు పోయి, క్రిందనున్న "అడ్వాన్స్‌డ్" అనుదానిని నొక్కుడు. పైభాగమున "ఓనర్" అని యజమాని పేరును, దాని క్రింద జాబితాయు కనబడును. ఆ తెరను ఫోనుతో నొక చిత్రము తీసి యుంచుకొనుడు. తరువాత పొరబడినను పూర్వస్థితి యేదో తెలియును.

రెండవది, చదువుటకు వీలున్నచో నకలు తీసికొనుడు. ఫైలు తెఱచుకొనుచున్నది గాని మార్పునకు లొంగుటలేదనుకొనుడు. అప్పుడు జాబితాతో పనియే లేదు. దానిని మీ సొంత ఫోల్డరులోనికి నకలు తీసినచో ఆ నకలునకు మీరే యజమాని. పాత డిస్కు శబ్దము చేయుచు, ఆగి యాగి నడచుచున్న దైనచో ఈ నియమము మఱింత ముఖ్యము. ఏలయనగా వేలకొలది ఫైళ్ల జాబితాలను మార్చుటయనగా ఆ డిస్కుపై వేలకొలది పర్యాయములు వ్రాయుటయే. మరణావస్థలోనున్న డిస్కుచేత అట్టి చాకిరి చేయింపరాదు.

మూడవది, యంత్రము తానే చూపు సులభమార్గమును పరీక్షింపుడు. పాత డిస్కులోని ఫోల్డరును తెఱవబోయినప్పుడు "కంటిన్యూ" అను మీట కనబడినచో, అధికారి ఖాతానుండి దానిని నొక్కినంతనే ఆ జాబితాలో మీ పేరు చేర్చబడును. పలుమాఱులు చిక్కు ఇంతటితోనే తీరును. ఫోల్డరు పెద్దదైనచో కొన్ని నిమిషములు పట్టును. తొందరపడి నడుమ ఆపరాదు.

నాలుగవది, అట్లు కానప్పుడు యజమానిత్వమును స్వీకరింపుడు. ఇంతకుముందు చెప్పిన "అడ్వాన్స్‌డ్" పుటలో యజమాని పేరు ప్రక్కన "ఛేంజ్" అని యుండును. దానిని నొక్కి, మీ ఖాతా పేరు వ్రాసి, "చెక్ నేమ్స్" అనుదానిని నొక్కినచో యంత్రము పేరును గుర్తించి దానిక్రింద గీత గీయును. తిరిగి వచ్చిన పుటలో, లోపలి ఫోల్డరులకును ఫైళ్లకును కూడ యజమానిని మార్చుమను అర్థముగల చిన్న గడి కనబడును. దానియందు గుర్తుంచి "అప్లై" నొక్కుడు. పిమ్మట పుటలన్నిటిని మూసి మరల తెఱవుడు.

ఐదవది, జాబితాలో మీ పేరు చేర్చుడు. యజమాని యగుటతోనే చదువు అనుమతి తప్పక వచ్చునని తలంపరాదు. జాబితాను మార్చు హక్కు మాత్రము వచ్చినది. "యాడ్" అనుదానిని నొక్కి మీ పేరు వ్రాసి, కావలసిన అధికారము నిచ్చుకొనుడు. చిత్రములు చూచి నకలు తీయుటకే యైనచో చదువు అనుమతి చాలును. నిత్యము వాడదలచినచో "మాడిఫై" అనునది చాలును. అది ఈ ఫోల్డరునకు, లోపలి ఫోల్డరులకు, ఫైళ్లకు అన్నిటికిని వర్తించునట్లున్నదో లేదో చూచుకొనుడు.

ఆఱవది, నడుమ ఏదో ఒక ఫోల్డరువద్ద మాత్రమే నిరాకరణ కొనసాగినచో అక్కడ వారసత్వము త్రెగియున్నదని గ్రహింపుడు. ఆ ఫోల్డరుయొక్క పుటలో "ఎనేబుల్ ఇన్‌హెరిటెన్స్" అను మీట కనబడినచో దానిని నొక్కిన పై ఫోల్డరు నియమము మరల దిగును. జాబితాలో నిషేధవాక్య మేదైన నున్నదేమో యని కూడ చూచి, అనవసరమైనచో దానిని తీసివేయుడు.

ఇదియంతయు డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటి మీకు కావలసిన ఫోల్డరులకే చేయవలయును గాని డిస్కు మొత్తమునకు చేయరాదు. పని ముగిసిన పిమ్మట వానిని క్రొత్త యంత్రములోని మీ ఫోల్డరులలోనికి నకలు తీసికొన్నచో, అవి క్రొత్త జాబితాతో, క్రొత్త యజమానితో స్థిరపడును.

లెక్కలు తెలిసిన విద్యార్థులకు

లినక్స్ మొదలగు యూనిక్స్ కుటుంబపు వ్యవస్థలలో ఈ జాబితా మూడు అంకెలకు దిగును. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడపుటకు 1 అని విలువలు పెట్టిరి. ఈ మూడింటిని కూడి ఒక అంకె చేయుదురు. మొదటి అంకె యజమానికి, రెండవది జట్టునకు, మూడవది ఇతరులకు. 755 అనగా యజమానికి 4+2+1, తక్కినవారికి 4+1 మాత్రమే. అనగా వారు చూడవచ్చును గాని మార్పరాదు. 644 అనగా యజమాని చదివి వ్రాయవచ్చును, తక్కినవారు చదువవచ్చును. ఫోల్డరు విషయమున 1 అను అనుమతికి అర్థము లోనికి ప్రవేశించుట. కావున ఫోల్డరునకు 4 మాత్రమిచ్చి 1 ఇయ్యనిచో లోపలి పేర్లు తెలియవచ్చును గాని ఆ ఫైళ్లను తెఱచుటకు వీలుకాదు. ఏ మూడు కూడికలు చేసిన ఏ అంకె వచ్చునో, ఒకే అంకె రెండు వేఱువేఱు కూడికలవలన రాకపోవుటకు కారణమేమో, ఆలోచించుట మంచి అభ్యాసము.

చేయరానివి

అనుమతుల చిక్కునకు పలువురు చెప్పు చిట్కా యేమనగా, విండోస్‌లో "ఎవ్రీవన్" అను పేరు చేర్చి దానికి "ఫుల్ కంట్రోల్" ఇచ్చుట. లినక్స్‌లో 777 పెట్టుట. నిరాకరణ అప్పటికప్పుడు పోవుట నిజమే. ఇంటి తలుపును ఊడబెఱికినవానికి తాళపుచెవితో పనిలేదుగదా! కాని ఏ ప్రోగ్రామైనను దానిని నడిపినవాని అధికారములతోనే నడచును. పసివాడు ఆటయని తలంచి దుష్ట ప్రోగ్రామును తెఱచినచో, ఆ పసివాని ఖాతాకు ఎంత అధికారము కలదో అంతవఱకే అది చెఱుపగలదు. తండ్రి లెక్కల ఫోల్డరుపై వానికి అధికారము లేనిచో లెక్కలు నిలుచును. అందఱికిని అన్నియు నిచ్చినచో ఆ యడ్డుకట్ట తెగిపోవును. ప్రతివానికి వాని పనికి చాలినంత అధికారము మాత్రమే యుండవలయునను సూత్రమును జెరోం సాల్ట్జర్, మైకేల్ ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు 1975లో ప్రకటించిన వ్యాసమున స్పష్టపఱచిరి. అర్ధశతాబ్దము గడచినను దాని విలువ తగ్గలేదు.

విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ అను ఫోల్డరులకు యజమాని "ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్" అని కనబడినచో దానిని మార్పరాదు. యంత్రముయొక్క ప్రాణాధార భాగములను మనుష్యుల తొందరపాటునుండి కాపాడుటకే అట్టి యజమాని నియమింపబడెను. మఱియు ప్రశ్నలడుగు చిన్న పెట్టెను విసుగుతో శాశ్వతముగా ఆపివేయుట కూడ కూడదు.

ద్వారపాలకుడు వేఱు, ఇనుప పెట్టె వేఱు

కడపట గ్రహింపవలసిన సంగతి యొకటి యున్నది. ద్వారపాలకుడు జాబితాను చదివినంతకాలమే జాబితాకు బలము. డిస్కును తీసి, ఆ జాబితాను లెక్కచేయని మఱొక వ్యవస్థతో తెఱచినచో ఫోల్డరులన్నియు తెఱచుకొనును. యుఎస్‌బీ పుల్లనుండి నడచు లినక్స్ సామాన్యముగా విండోస్ డిస్కు జాబితాలను పాటింపదు. చదువు అనుమతియే లేక దుర్బలమైన పాత డిస్కునుండి చిత్రములను నకలు తీయుటకు ఇది మంచి సాధనము. కాని దీనినిబట్టియే, అమ్మివేసిన పాత యంత్రపు డిస్కును ఎవరైనను చదువగలరని కూడ తెలిసికొనవలయును. అనుమతుల జాబితా దొంగనుండి రక్షింపదు. ఒకే యింటివారి నడుమ మర్యాదను నిలుపును.

దొంగనుండి రక్షించునది గుప్తలేఖనము. బిట్‌లాకర్ అనునది అట్టి యినుప పెట్టె. ఇటీవలి యంత్రములలో అది పలుమాఱులు తనంతటనే అమలులో నుండును. దాని తాళపుచెవి 48 అంకెల సంఖ్య. ఆ సంఖ్య లేనిచో యజమానిత్వము మార్చుటవలనగాని, జాబితా దిద్దుటవలనగాని ఒక్క చిత్రమైనను బయటకు రాదు. కావున యంత్రము ఆరోగ్యముగా నున్నప్పుడే తల్లిదండ్రులు ఆ సంఖ్యను వెదకి కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజులతో పాటు దాచుట మంచిది. ముఖ్యమైన ఫోల్డరులకు వేఱొక డిస్కుపై నకలు తీసియుంచుట అంతకంటెను మంచిది.

ఇంటిలో ప్రతివారికిని వేఱుఖాతా తెఱచి, నిత్యకృత్యములకు సామాన్య ఖాతాలు వాడి, అధికారి ఖాతాను పెద్దల చేతిలో నుంచినచో ఈ చిక్కులు చాలవఱకు తలయెత్తవు. అందఱు చూడదగిన చిత్రములకు ఒక ఉమ్మడి ఫోల్డరును, ఎవరి వ్రాతలకు వారి సొంత ఫోల్డరును ఏర్పఱచుకొనవలయును.

విద్యార్థులారా, ఈ విద్య నేర్చినవారిని ఇరుగుపొరుగువారు తప్పక పిలుతురు. అప్పుడు మఱవరాని ధర్మ మొకటి కలదు. యజమానిత్వమును స్వీకరింపగల శక్తి ఇతరుల లేఖలను చదువుటకు హక్కు కాదు. పోయిన తాతగారి చిత్రములను మనుమలకు తెఱచి యిచ్చుట ఉపకారము. అక్క సొంతముగా వ్రాసికొన్న పుటలను ఆమె యెఱుగకుండ తెఱచుట అపకారము. రెండింటికిని నొక్కవలసిన మీటలు ఒక్కటే. ద్వారపాలకుడు జాబితాను మాత్రమే చదువగలడు. ఈ రెండింటికిని గల భేదమును చూడవలసినవారు మీరే.